కొండకి నెలకోసారి, నడక పూటపూటా: ఇన్సులిన్ బాగా పనిచేయాలంటే, బరువు అదుపులో ఉండాలంటే ఏం చేయాలి

తిరుపతిలో షుగర్ ఉన్నవాళ్లని "వ్యాయామం చేస్తున్నారా?" అని అడిగి చూడండి. "నెలకోసారి కొండకి నడిచే పోతాం కదా" అనే జవాబు చాలామంది నోట వస్తుంది. ఆ భక్తీ గొప్పదే, ఆ ఓపికా గొప్పదే. కానీ ఇన్సులిన్ లెక్క నెలల్లో ఉండదు. ఒకసారి ఒళ్లొంచి కదిలితే దాని మేలు ఒంట్లో ఒక రోజు, రెండు రోజులు, బాగా కష్టపడితే మూడో రోజు దాకా నిలుస్తుంది. ఆ తర్వాత మళ్లీ మొదటికే. అందుకే నెలకోసారి మూడున్నర వేల మెట్లెక్కి మిగతా రోజులు కుర్చీలో కూర్చునే మనిషి కన్నా, పూటకింత నడిచే మనిషి షుగర్ అదుపులో ఉండే అవకాశం ఎక్కువ. కొండ మానేయమని నేననను. అదెలా ఎక్కాలో కూడా చెబుతాను. కాకపోతే ముందు రోజువారీ పని మొదలవ్వాలి.

లోపల జరిగేది కాస్త తెలుసుకోండి

అన్నమైనా, రాగి సంగటైనా, ఇడ్లీ అయినా చివరికి ఎక్కువ భాగం గ్లూకోజుగా మారి రక్తంలో కలుస్తుంది. ఆ గ్లూకోజులో పెద్ద వాటా చేరాల్సింది కండరాల్లోకి. కండరానికి రెండు వాకిళ్లు ఉన్నాయనుకోండి. ఒకటి ఇన్సులిన్ వచ్చి తడితే తెరుచుకుంటుంది. పొట్టలో, కాలేయంలో, కండరాల్లో కొవ్వు పేరుకునే కొద్దీ ఈ వాకిలి బిగుసుకుపోతుంది. దాన్ని తెరవడానికి క్లోమం ఇంకా ఇంకా ఇన్సులిన్ తయారుచేస్తూ పోతుంది. ఏళ్లు గడిచేసరికి ఆ తయారీ తగ్గిపోయి షుగర్ బయటపడుతుంది. డాక్టర్లు ఇన్సులిన్ రెసిస్టెన్స్ అనేది ఈ బిగుసుకుపోవడాన్నే.

రెండో వాకిలి కండరం కదిలితే తెరుచుకుంటుంది. దానికి ఇన్సులిన్‌తో పని లేదు. కండరం ముడుచుకుని సాగినప్పుడు కణం లోపల ఉండే గ్లట్-4 అనే ప్రోటీన్లు పైపొరకి వచ్చి గ్లూకోజును లోపలికి తీసుకుంటాయి. ఇన్సులిన్ చేసేదీ ఈ ప్రోటీన్లను పైకి పిలవడమే. ఆ పిలుపు సరిగ్గా వినపడని కండరం కూడా నడిస్తే స్పందిస్తుంది. పైగా నడక అయిపోయాక ఖాళీ అయిన నిల్వలు నింపుకోవడానికి కండరానికి గ్లూకోజు కావాలి కాబట్టి, మొదటి వాకిలి కూడా ఒకటి రెండు రోజులు సులువుగా తెరుచుకుంటుంది.

దీన్నిబట్టి ఒక నియమం పెట్టుకోండి: వరసగా రెండు రోజులు వ్యాయామం లేకుండా గడవకూడదు. పెళ్లిళ్లున్నా, చుట్టాలొచ్చినా అంతే.

మొదలుపెట్టే ముందు మందుల డబ్బా తీయండి

మీరు వేసుకునే మాత్రల అట్టల మీద పేర్లు చదవండి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడుతుంటే నడక వల్ల షుగర్ బాగా పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెంక్లమైడ్ లాంటి మాత్రలు గానీ, ఇన్సులిన్ ఇంజెక్షన్ గానీ ఉంటే మాత్రం లో షుగర్ వచ్చే అవకాశం ఉంది. వ్యాయామం మొదలుపెడుతున్నట్టు మీ డాక్టరుకి ముందే చెప్పండి. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడేవాళ్లకి మూత్రం ఎక్కువ పోతుంది. మన ఎండల్లో వాళ్లు నీళ్ల విషయం ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. బీపీకో గుండెకో బీటా బ్లాకర్ వేసుకునేవాళ్లకి లో షుగర్‌లో వచ్చే గుండెదడ తెలియకపోవచ్చు. చెమట మాత్రం పడుతుంది, దాన్ని గుర్తు పెట్టుకోండి.

నడిస్తే ఛాతీ పట్టేసినట్టు ఉన్నా, ఆయాసం మామూలు కన్నా ఎక్కువగా ఉన్నా, కంటి వెనక రెటీనా దెబ్బతిందని చెప్పినా, అరికాళ్లు మొద్దుబారినా డాక్టరు చూసి సరేనన్నాకే మొదలుపెట్టండి. రెటీనా సమస్య ఉన్నవాళ్లు ఊపిరి బిగబట్టి బరువులెత్తడం అసలు చేయకూడదు.

మొదటి వారం: ముద్ద తిన్నాక పది నిమిషాలు

పొద్దున్నే లేచి గంట నడవాలని పెద్ద నిర్ణయం తీసుకోకండి. మొదటి వారం చేయాల్సింది ఒకటే. మూడు పూటలా తిన్న తర్వాత పది నిమిషాలు నడవాలి. తిన్నాక అరగంట నుంచి గంటన్నర మధ్య రక్తంలో గ్లూకోజు బాగా పైకి పోతుంది. సరిగ్గా అప్పుడే కాళ్ల కండరాలు కదులుతుంటే ఆ పైకి పోవడం తగ్గుతుంది. న్యూజిలాండ్‌లోని ఒటాగో యూనివర్సిటీ వాళ్లు 2016లో ప్రచురించిన అధ్యయనంలో టైప్ 2 షుగర్ ఉన్నవాళ్ల చేత కొన్నాళ్లు రోజులో ఎప్పుడైనా ఒకేసారి 30 నిమిషాలు, కొన్నాళ్లు పూట పూటకీ తిన్నాక 10 నిమిషాలు నడిపించి చూశారు. మొత్తం నడక ఒకటే. అయినా తిన్నాక నడిచినప్పుడు భోజనానంతర షుగర్ సగటున 12 శాతం తక్కువగా ఉంది. రాత్రి భోజనం తర్వాత ఆ తేడా 22 శాతం.

మనకి రాత్రి భోజనమే పెద్ద సమస్య. తొమ్మిదిన్నరకి సంగటి ముద్ద తిని పదికల్లా పడుకునే ఇళ్లు ఎన్నో. పగలంతా ఎండకి బయటికి రానివాళ్లు రాత్రి మిద్దె మీద నాలుగు చుట్లు తిరగచ్చు. సందులో కుక్కల భయం ఉంటే వరండాలోనే అటూ ఇటూ నడవండి. మధ్యాహ్నం నలభై డిగ్రీల ఎండలో బయటికి వెళ్లమని ఎవరూ చెప్పరు. హాలు నుంచి వంటింటికి, వంటింటి నుంచి హాలుకి తిరిగినా కండరానికి సరిపోతుంది.

ఇది పనిచేస్తోందా లేదా అని మీ ఒంటి మీదే చూసుకోవచ్చు. మా పిన్ని అలాగే నమ్మింది. "పది నిమిషాలకేం తగ్గుతుందిలే" అని తీసిపారేసిన మనిషి. ఒకరోజు సంగటి, పప్పు, వంకాయ కూర తిని టీవీ ముందు కూర్చుంది, రెండు గంటలకి వేలు పొడుచుకుని షుగర్ చూసుకుంది. ఇంకోరోజు అదే సంగటి అంతే కొలతలో తిని, గ్యాస్ పొయ్యి తుడిచి, మిద్దెక్కి నడిచి వచ్చి మళ్లీ చూసుకుంది. పాల లెక్క రాసుకునే నోటు పుస్తకంలోనే రెండు అంకెలూ పక్కపక్కన రాసింది, రెండోదాని కింద గీత గీసింది. తర్వాత నేనెప్పుడూ ఆమెకి గుర్తు చేయాల్సిన పని పడలేదు. మీ ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే మీరూ ఇలాగే చేయండి. తిండి మారకూడదు, సమయం మారకూడదు, నడక ఒక్కటే మారాలి.

"ఇంటి పనంతా నేనే చేస్తాను కదా, మళ్లీ నడకెందుకమ్మా?" అని అడిగే ఆడవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. ఊడవడం, తుడవడం, బట్టలు ఉతకడం కూడా కండరాల పనే, అది వృథా పోదు. కానీ వంటింట్లో నిలబడే పనిలో కాళ్లు కదిలేది తక్కువ. వంట చేసినంత సేపూ నిలబడి, అందరికీ వడ్డించి, చివర్లో తాను తిని అలిసిపోయి కూర్చునే ఆ సమయంలోనే షుగర్ పైకి పోతోంది. ఇంట్లోవాళ్లు ఆ పది నిమిషాలూ గిన్నెలు తోమితే చాలు, ఆమెకి నడక కుదురుతుంది. ఇది ఆమె ఒక్కతే మోయాల్సిన బరువు కాదు.

షాపు కౌంటర్లో, ఆఫీసులో గంటల తరబడి కూర్చునేవాళ్లు అరగంటకోసారి లేచి రెండు మూడు నిమిషాలు కదలండి. ఫోనొస్తే నిలబడి మాట్లాడండి.

తర్వాత: వారానికి 150 నిమిషాలు

భోజనం తర్వాతి నడక అలవాటయ్యాక చురుకైన నడకని కలపండి. వారంలో కనీసం 150 నిమిషాలు, అంటే ఐదు రోజులు అరగంట చొప్పున. ఎంత వేగం? మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. పక్కన నడిచే మనిషితో కబుర్లు వస్తూ, అన్నమయ్య కీర్తన ఎత్తుకుంటే ఊపిరి చాలకపోతే మీ వేగం సరిగ్గా ఉన్నట్టు. హాయిగా పాడగలుగుతుంటే కాస్త అడుగు పెంచండి.

ఎస్వీ యూనివర్సిటీలో చెట్ల కింద రోడ్లు ఇందుకు చాలా బాగుంటాయి. వినాయకసాగర్ చుట్టూ కూడా పొద్దున, సాయంత్రం నడిచేవాళ్లు కనిపిస్తారు. చిత్తూరులోనూ కాలేజీ గ్రౌండ్లలో నడిచేవాళ్లున్నారు. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఏడు దాటకముందే ముగించుకోండి. షూ వేసుకునే ముందు లోపల చెయ్యి పెట్టి రాయి, ముల్లు ఏమైనా ఉందేమో చూడండి. కాళ్లకి స్పర్శ తగ్గినవాళ్లకి ఇది చాలా ముఖ్యం.

కొందరికి ఒక టెన్షన్ ఉంటుంది. పరగడుపున వేగంగా నడిచొచ్చి చూసుకుంటే షుగర్ తగ్గకపోగా కొంచెం పెరిగి ఉంటుంది. భయపడాల్సిందేమీ లేదు. తెల్లవారుజామున కాలేయం దానంతటదే గ్లూకోజు వదులుతుంది. గట్టిగా కష్టపడితే అడ్రినలిన్ దాన్ని ఇంకాస్త వదలమంటుంది. అది తాత్కాలికం. ఆ రోజు మిగతా పూటల్లో వచ్చే లాభం అలాగే ఉంటుంది.

ఇంకోటి కూడా చెప్పాలి. నడక అయ్యాక పదిమందీ కలిసి హోటల్‌కి వెళ్లి, నెయ్యి కారం దోసె, ఒక వడ, రెండు చెంచాల చక్కెర వేసిన కాఫీ. ఆ స్నేహం వదులుకోమని చెప్పను, నడక నిలబడేదే ఆ స్నేహం వల్ల. దోసె బదులు రెండు ఇడ్లీలు, సాంబారు తీసుకోండి, కాఫీలో చక్కెర మానండి.

వారానికి రెండు రోజులు కండబలం

ఈ భాగాన్ని ఎక్కువమంది వదిలేస్తారు. నాకు మాత్రం నడకంత ముఖ్యం అనిపిస్తుంది. గ్లూకోజు చేరే చోటు కండరమే అయినప్పుడు ఆ కండరం తగ్గిపోతుంటే ఎంత నడిచినా చోటు చాలదు. నలభై దాటాక, వాడకపోతే కండ ఏటేటా కరుగుతుంది. మన దక్షిణాసియా వాళ్లకి సన్నగా కనిపిస్తున్నా కండ తక్కువ, పొట్టలో కొవ్వు ఎక్కువ ఉండడం మామూలు.

జిమ్ అక్కర్లేదు. చేతుల్లేని గట్టి కుర్చీ గోడకి ఆనించి పెట్టుకోండి. చేతులు ఛాతీ మీద కట్టుకుని, కుర్చీలోంచి లేచి నిలబడి, మళ్లీ మెల్లగా కూర్చోండి. దభీమని పడకండి, కూర్చునేటప్పుడు మనసులో మూడు లెక్కపెట్టండి. పది సార్లు చేసి ఒక నిమిషం ఆగి మళ్లీ పది. చేతులు కట్టుకుని లేవలేకపోతే మొదట్లో తొడల మీద చెయ్యి ఊని లేవండి. తర్వాత గోడకి రెండు అరచేతులూ ఆనించి, ఛాతీని గోడ దాకా తెచ్చి వెనక్కి తోయడం. ఆ తర్వాత మెట్టు అంచునో తలుపు పట్టుకునో మడమలెత్తి నిలబడడం. చివరికి నీళ్లు నింపిన లీటరు సీసాలు రెండు చేతుల్లో పట్టుకుని మోచెయ్యి మడిచి పైకెత్తడం. లేచేటప్పుడు, ఎత్తేటప్పుడు ఊపిరి వదలండి. వరస రోజుల్లో కాకుండా మధ్యలో ఒక రోజు విరామం ఇవ్వండి. సులువైపోతే సార్లు పెంచండి.

బరువు గురించి

నడక మొదలుపెట్టి నెలయ్యాక తూకం ఎక్కి, కిలో కూడా తగ్గలేదని మానేసేవాళ్లని చూస్తే బాధేస్తుంది. 70 కిలోల మనిషి గంట మామూలు వేగంతో నడిస్తే ఖర్చయ్యేది సుమారు 250 క్యాలరీలు. నూనె దండిగా వేసిన ఒక మసాలా దోసెతో అది తిరిగి వచ్చేస్తుంది. బరువు దిగేది ఎక్కువగా కంచం దగ్గర. వ్యాయామం చేసే మేలు వేరు. బరువు తగ్గేటప్పుడు కండ కరిగిపోకుండా కాపాడుతుంది, తగ్గిన బరువు మళ్లీ రాకుండా ఆపుతుంది, కాలేయంలోని కొవ్వుని తగ్గిస్తుంది. తూకం ముల్లు కదలకపోయినా ఇన్సులిన్ పనితీరు బాగుపడుతుంది.

దీనికి మంచి సాక్ష్యం మన పక్కనే చెన్నైలో ఉంది. షుగర్ వచ్చే అంచున ఉన్నవాళ్ల మీద మూడేళ్లు జరిపిన భారత మధుమేహ నివారణ కార్యక్రమం ఫలితాలు 2006లో వచ్చాయి. నడక, తిండి మార్పులు పాటించినవాళ్లలో షుగర్‌గా మారే ముప్పు 28.5 శాతం తగ్గింది. వాళ్ల బరువు చెప్పుకోదగ్గంత తగ్గలేదు, అయినా మేలు జరిగింది. అమెరికాలో 2002లో వచ్చిన ఇలాంటి అధ్యయనంలో వారానికి 150 నిమిషాల వ్యాయామంతో పాటు ఒంటి బరువులో 7 శాతం తగ్గించుకోవడం లక్ష్యంగా పెట్టారు. అక్కడ ముప్పు 58 శాతం తగ్గింది. అంటే బరువు కూడా తగ్గితే ఇంకా మంచిదే. 80 కిలోల మనిషికి 7 శాతమంటే ఐదున్నర కిలోలు. అసాధ్యమైనదేం కాదు.

తూకం కన్నా టేపు ఎక్కువ చెబుతుంది. చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్య, ఊపిరి మామూలుగా వదిలాక కొలవండి. మనవాళ్లలో మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటితే పొట్టలో కొవ్వు ఎక్కువున్నట్టు. నెలకోసారి కొలిచి రాసుకోండి.

కంచం సంగతి ఒక్కమాటలో: రాగి మంచిదని రెండు ముద్దలు తినకండి. సంగటిలో రాగి పిండీ ఉంటుంది, బియ్యమూ ఉంటుంది, రెండూ గ్లూకోజయ్యేవే. ఒక ముద్ద, దాని పక్కన ముద్దకి రెట్టింపు ఆకుకూర పప్పో, కూరో. కూర నాలుగు ముద్దలు తిన్నాక సంగటి మొదలుపెడితే ఇంకా మంచిది.

కొండ ఎక్కాలనుకుంటే

అలిపిరి దారిలో 3,550 మెట్లు. శ్రీనివాస మంగాపురం వైపున్న శ్రీవారి మెట్టు దారి దూరం తక్కువ, మెట్లూ తక్కువే, సుమారు 2,400. కానీ ఎక్కుడు నిటారుగా ఉంటుంది. దూరం తక్కువని షుగర్ ఉన్నవాళ్లు అదే సులువనుకోవద్దు. తీరిగ్గా ఆగుతూ ఎక్కాలంటే అలిపిరే నయం. పైన చెప్పిన రోజువారీ పని రెండు మూడు నెలలు నడిచాక, కుర్చీ వ్యాయామం తేలిగ్గా వస్తున్నాక పెట్టుకోండి.

అలిపిరిలో లగేజీ ఉచితంగా తీసుకుని పైన ఇస్తారు. ఆ బ్యాగులో మందులు, గ్లూకోమీటర్, గ్లూకోజ్ పొడి పెట్టేయకండి. దారి మధ్యలో అవసరమైతే అవి మీ దగ్గరుండవు. చిన్న సంచిలో భుజానికే ఉండాలి. ఎక్కే ముందు షుగర్ చూసుకోండి. ఇన్సులిన్ గానీ పైన చెప్పిన గ్లిమెపిరైడ్ రకం మాత్రలు గానీ వాడేవాళ్లకి 90 కన్నా తక్కువుంటే ఒక అరటిపండు తిని కాసేపాగండి. 250 దాటి ఉండి ఒంట్లో నలతగా, వాంతి వచ్చేలా ఉంటే ఆ రోజు ఎక్కవద్దు. ఆ పూట ఇన్సులిన్ తొడకి వేసుకోకండి. కాళ్లు పనిచేస్తుంటే అది తొందరగా రక్తంలో కలుస్తుంది, పొట్టకి వేసుకోండి. ఎంత డోసు తగ్గించాలో డాక్టరుని ముందే అడగండి.

ఒళ్లు వణకడం, చల్లని చెమట, కళ్లు తిరగడం, ఊరకే చిరాకు వస్తే ఆయాసమేలే అనుకుని ముందుకి పోకండి. కూర్చుని షుగర్ చూడండి. 70 కన్నా తక్కువుంటే మూడు టీస్పూన్ల చక్కెరో గ్లూకోజో నీళ్లలో కలిపి తాగి, పావుగంట ఆగి మళ్లీ చూడండి. ఇంకా 70 దాటకపోతే మళ్లీ తాగండి. చూసే వీలు లేకపోయినా ముందు చక్కెర తీసుకోండి. లడ్డూ, చాక్లెట్ ఇందుకు పనికిరావు. వాటిలోని నెయ్యి, కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి చేరడం ఆలస్యమవుతుంది. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయవద్దు, వెంటనే దారిలో సిబ్బందిని పిలవండి.

చెప్పుల సంగతి గురించి మొహమాటం లేకుండా చెబుతాను. అరికాళ్లలో స్పర్శ తగ్గినవాళ్లు ఒట్టికాళ్లతో ఈ దారి ఎక్కకూడదు. ఎండకి కాలిన రాయి వేడి వాళ్లకి తెలియదు, బొబ్బ పగిలినా తెలియదు, ఆ పుండే తర్వాత కాలి మీదికి వస్తుంది. బస్సులో వెళ్లి దర్శనం చేసుకున్నా స్వామి దర్శనమే. స్పర్శ బాగున్నవాళ్లు కూడా పైకి చేరాక అరికాళ్లు, వేళ్ల సందులు ఒకసారి వెలుతురులో చూసుకోండి.

పైకి చేరాక ఇంకో ప్రమాదం ఉంది. మాత్ర వేసుకుని క్యూలోకి వెళ్తే భోజనం ఎప్పుడో తెలియదు. అంత మెట్లెక్కిన కండరాలు రక్తంలోంచి గ్లూకోజు లాగుతూనే ఉంటాయి. ముందు తిని, తర్వాతే క్యూ. ఆ రాత్రి పడుకునే ముందు కూడా షుగర్ చూసుకోండి, ఎందుకంటే పగటి కష్టానికి లో షుగర్ అర్ధరాత్రి కూడా రావచ్చు. దిగేటప్పుడు మోకాళ్ల మీద భారం ఎక్కువ పడుతుంది. కీళ్ల నొప్పులున్నవాళ్లు నడిచి ఎక్కి, బస్సులో దిగడం మేలు.

మూడు నెలలకి డాక్టరు దగ్గరికి

హెచ్‌బీఏ1సీ పరీక్ష గడిచిన రెండు మూడు నెలల సగటు చెబుతుంది కాబట్టి అది మూడు నెలలు దాటాక చేయించండి. వెళ్లేటప్పుడు మీ నోటు పుస్తకం తీసుకెళ్లండి: తిన్నాక షుగర్ అంకెలు, నడుం కొలత, లో షుగర్ ఎప్పుడెప్పుడు వచ్చింది. ఆ చివరిదాన్ని తప్పకుండా చెప్పండి. నడక వల్ల ఇన్సులిన్ బాగా పనిచేస్తుంటే పాత డోసు ఇప్పుడు మీకు ఎక్కువైపోతుంది. అది తెలియక చాలామంది సాయంత్రానికి నీరసం వస్తోందని బిస్కెట్లు తింటారు, మళ్లీ తింటారు, నడుస్తున్నా బరువు పెరుగుతుంది. అలా జరుగుతుంటే నడక తగ్గించుకోకండి, మాత్ర మీ అంతట మీరు మానేయకండి. "నేను రోజూ నడుస్తున్నాను, నాలుగింటికి లో అవుతోంది, డోసు తగ్గించవచ్చా?" అని సూటిగా అడగండి.